ఆయన చేసిన ఒక్క తప్పు

జూన్ 3, మంగళవారం

తమ్ముడూ,

కాగితం మీద నా రాత చూసి, ఈ కాలంలో ఉత్తరమేమిటి, అక్కకి మతిగాని పోయిందా అనుకుంటావు. పోలేదు. ఫోనూ పాడవలేదు. శనివారం నుంచి నువ్వు ఏడుసార్లు చేశావు. ఏడుసార్లూ నేను పక్కనే కూర్చుని, అది మోగి మోగి ఆగేదాకా చూశాను. ఇకమీదట ఫోనులో నా గొంతు నీకు దొరకదు. ఇప్పటిదాకా పట్టుకుపోయింది చాలు.

సంగతి నీకు తెలిసిందే. అయినా నాకెలా తెలిసిందో చెప్తాను, విను. శనివారం పొద్దున పదింటికి మా అంత్యక్రియల హాల్లో ఒక పంతులమ్మకి వీడ్కోలు. ముందురోజు ఎప్పటిలాగే వాళ్ళ వంటింట్లో గంటన్నర కూర్చుని, అడగాల్సినవి అడిగి రాసుకొచ్చాను. చేతిలో కాగితంతో, కళ్ళద్దాలు తుడుచుకుంటూ హాలు వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. మేనేజరు నన్ను చూసి ఆగమని చెయ్యి ఊపాడు. ఇంతలో పైనున్న స్పీకర్లలోంచి నేను మాట్లాడటం మొదలుపెట్టాను.

నేను నోరు మూసుకునే ఉన్నాను. నా గొంతు మాత్రం మాట్లాడుతోంది. "కూర్చోండి, తొందరేం లేదు" అని నేను అందరికంటే ముందు అనే మాటే అంది. ఆ మాటకి ముందు నేను దగ్గే చిన్న దగ్గు కూడా దగ్గింది. ఒళ్ళు మండిపోయింది. ఆ దగ్గు నాకు హాల్లో శవాలు కాల్చే పాత కొలిమి పొగ కొట్టే రోజుల్లో పట్టుకుంది. దాన్ని వదిలించుకోవడానికి నేను తాగని మందు లేదు. అది కూడా మీ కంపెనీకి కావాల్సి వచ్చిందా?

తర్వాత మేనేజరు ఆఫీసు గదిలోకి పిలిచి, కుర్చీ వేసి మరీ చెప్పాడు. నా మాటలు రికార్డు చేసి అలమరలో పెట్టిన ముప్పై నాలుగేళ్ళ కాసెట్లన్నీ, నా గొంతుతో మాట్లాడే యంత్రం చేయడానికి మీ కంపెనీకి ఇచ్చేశారట. అడిగింది నువ్వేనట. "మీ ఇంటి విషయమే కదమ్మా, మీకు తెలుసనుకున్నాం" అన్నాడు. అంటే నా తోడబుట్టినవాడే నన్ను అడగకుండా నన్ను ఎత్తుకుపోయాడన్నమాట.

నేను చేసే పనికి సరైన పేరు లేదు. హాజరు పట్టీలో "మాట్లాడే మనిషి" అని రాస్తారు. నాన్న హాలు బండి నడిపి, చనిపోయినవాళ్ళని ఇళ్ళ నుంచి తీసుకొచ్చేవాడు. నేను వాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పి పంపించేదాన్ని. నాకున్నది ఒకటే పద్ధతి. అందరూ మంచి చెప్పడం అయ్యాక, "సరే, ఇప్పుడు ఒక తప్పు చెప్పండి" అని అడుగుతాను. మొదట బిత్తరపోతారు. తర్వాత ఒకరు నవ్వుతారు, ఒకరు కళ్ళు తుడుచుకుంటారు, అప్పుడు ఆ మనిషి గదిలోకి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. ఆ తప్పు కూడా హాల్లో చెప్తాను. ఒట్టి మంచే చెప్తే నేను ఎవరి గురించి మాట్లాడుతున్నానో ఇంట్లోవాళ్ళే గుర్తుపట్టలేరు.

మీ బావేమో, "ఇంట్లో ఒక గొంతుతోనే వేగలేకపోతున్నాను, హాల్లో ఇంకోటి కూడానా" అని నవ్వుతున్నాడు. నాకు నవ్వు రావడం లేదు. నా గొంతు ఆ యంత్రంలోంచి తీసెయ్. అడుక్కోవడం లేదు, చెప్తున్నాను.

జవాబు కాగితం మీదే రాయి.

నోరు ఇంకా తన దగ్గరే ఉన్న
మీ అక్క


జూన్ 10

అక్కా,

ఎన్నేళ్ళయిందో పెన్ను పట్టుకుని! నాలుగు లైన్లకే వేళ్ళు లాగేస్తున్నాయి. నా రాత చూసి నవ్వకు. మా అపార్ట్‌మెంటులో లిఫ్టు చెడిపోయి వారమైంది, ఆరంతస్తులు ఎక్కి వచ్చి ఇది రాస్తున్నాను. కాబట్టి నా మీద కాస్త జాలితో చదువు.

నేను దొంగతనం చేయలేదక్కా. పోయిన శీతాకాలం నీ గొంతు పూడుకుపోయి మూడు వారాలు మంచం మీద ఉన్నావు. ఆ మూడు వారాలూ హాల్లో మేనేజరు ఒక కాగితం చూసి పేరూ వయసూ చదివి పంపించేశాడట. అప్పుడే నాకు ఈ ఆలోచన వచ్చింది. నీకు అరవై రెండు. ఆ హాల్లో ఇప్పుడు రోజుకి నాలుగైదు అంత్యక్రియలు. ఎన్ని వంటిళ్ళలో కూర్చోగలవు? నీ మోకాళ్ళు చేసే చప్పుడు ఫోనులో నాకే వినిపిస్తుంది.

దూరాన ఉన్నవాళ్ళు అంత్యక్రియలు చూడటానికి మేము పెట్టిన, నువ్వు ఊరికే తిట్టిపోసే ఆ తెరల వల్ల ఏం జరుగుతోందో కూడా చూడు. మంచం దిగలేని ఒక తల్లి తన కొడుకు అంత్యక్రియలు ఆసుపత్రి గదిలోంచి చూసింది. ఆమె మాకు రాసిన మాటలు నా బల్ల మీద అంటించుకున్నాను. పదేళ్ళ కిందటైతే ఆమెకి ఆ చివరి చూపు ఉండేదే కాదు.

ఇంకో సంగతి. నీ పద్ధతి కూడా అది నేర్చుకుంది. నాలుగు వందల పన్నెండు కాసెట్లు వినిపిస్తే, ప్రతిదాంట్లోనూ మంచి తర్వాత ఒక తప్పు వస్తుందని దానంతట అదే కనిపెట్టింది. మావాళ్ళు తీసేద్దామంటే నేను ఒప్పుకోలేదు. "అది మా అక్క సంతకం, ఉండాల్సిందే" అన్నాను. నీకు నచ్చుతుందనుకున్నాను.

హాల్లో ఒక ఏడాది కాసెట్లు చెమ్మకి పాడైపోయాయి. అందుకని నువ్వు నాకు పంపినదాన్ని కూడా ఇచ్చేశాను. చూశావా, నా సొంతదాన్ని కూడా దాచుకోలేదు.

కోపం తగ్గించుకుని ఫోనెత్తు.

నీ తమ్ముడు


జూన్ 17, మంగళవారం

తమ్ముడూ,

నా మోకాళ్ళ సంగతి నీకెందుకు? అవి నీ దగ్గరకి ఎప్పుడైనా వచ్చి మొరపెట్టుకున్నాయా?

"నువ్వు నాకు పంపినదాన్ని కూడా ఇచ్చేశాను" అని ఎంత తేలిగ్గా రాశావు! అది నాన్న అంత్యక్రియల కాసెట్టు. నువ్వు రాలేదు కాబట్టి నీకు పంపాను. అందులో ఏముందో తెలిసి కూడా తీసుకెళ్ళి యంత్రం నోట్లో పెట్టావు. నీ గుండె ఏపాటిదో పదమూడేళ్ళ కిందటే నాకు అర్థమైంది. ఇప్పుడు ఇంకొంచెం అర్థమైంది, అంతే. ఆ మాట ఇక ఎత్తను.

తల్లి చివరి చూపు గురించి రాసింది చదివాను. మంచిదే. కాదనడానికి నేనెవరిని? కానీ నువ్వు తెర అవతల నుంచి చూస్తావు, నేను ఇవతల నుంచి చూస్తాను. మొన్న ఒకాయన తన కెమెరా ఆపడం మర్చిపోయి, తెరనిండా కనిపిస్తూ టిఫిను తిని, చేతులు కడుక్కొచ్చి, పళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నాడు. ముందు వరసలో పోయినాయన చెల్లెలు వెక్కివెక్కి ఏడుస్తోంది. తెర కింద, చూసేవాళ్ళు నొక్కే ఎర్ర గుండెల బొమ్మలు ఒకదాని వెనక ఒకటి పైకి ఎగురుతున్నాయి.

నన్ను ఇప్పుడు ఫారాలు నింపే పనిలో పెట్టారు. పలక లాంటిది చేతికిచ్చారు. ఇళ్ళకి వెళ్ళి, దాంట్లో గళ్ళు నింపి తేవాలి. వృత్తి, అలవాట్లు, పిల్లలెందరు, ఇష్టమైన రంగు. పోయినవాళ్ళకి ఇష్టమైన రంగేమిటని నేను ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. తప్పు రాయడానికి గడి లేదు.

నిన్న మన హాలు వీధి మూలనున్న గడియారాలాయన పోయాడు. నీకు గుర్తుండే ఉంటాడు, కంటికి భూతద్దం తగిలించుకుని తల పైకెత్తకుండా మాట్లాడేవాడు. నా చేతి గడియారం నాలుగేళ్ళుగా ఆయన దగ్గరే ఉంది. ఎప్పుడడిగినా "వచ్చే వారం రండమ్మా" అనేవాడు. ఇవాళ వాళ్ళ వంటింట్లో కూర్చున్నాను. ఒక్కడే కొడుకు. పదకొండేళ్ళ కిందట తండ్రితో పోట్లాడి వెళ్ళిపోయి, మళ్ళీ పలకలేదు. అది ఫారంలో రాశాను, "కొడుకు దూరంగా ఉన్నాడు, రాకపోకలు లేవు" అని. తర్వాత అలవాటు చొప్పున ఆయన భార్యని తప్పు అడిగాను.

"ఏ గడియారాన్నీ ఇది బాగవదు అనలేకపోయాడు. పళ్ళచక్రం మొత్తం పోయినా సరే, వచ్చే వారం రండి అనేవాడు. వాళ్ళ మొహం వాడిపోతే చూడలేడట. ఆ పిరికితనం ఒకటే ఆయనలో నాకు నచ్చనిది" అంది. అని, మొదటిసారి ఏడ్చింది.

గడి లేదు కదా, అందుకని ఫారం చివర ఖాళీలో ఎక్కించాను. గళ్ళు దాటి రాసినవి మీ యంత్రం చదవదని మేనేజరు అన్నాడు. నేను మాట్లాడతానంటే వద్దన్నాడు. రేపు పదకొండింటికి అంత్యక్రియలు. నా గొంతు మాట్లాడుతుంది, నేను వెనక వరసలో కూర్చుంటాను. లేచి వెళ్ళిపోను. ఏమంటుందో నా చెవులతో వింటాను.

మీ అక్క


జూన్ 20

అక్కా,

నాతో నీకు తగువుంటే నాతోనే పెట్టుకో. చనిపోయిన మనిషినీ ఆయన భార్యనీ మధ్యలోకి లాగుతావా?

మేనేజరు రాసింది నా ముందుంది. గడియారాలాయన ఉత్తరాలేవో దాచాడని యంత్రం చెప్పిందట, ఆమె హాల్లో కుప్పకూలిందట. ఆ ఇంటికి వెళ్ళిందీ నువ్వే, ఫారం నింపిందీ నువ్వే. దానికి ఎవరో చెప్పనిదే ఇంత సరిగ్గా ఒక మనిషి తప్పు ఎలా తెలుస్తుంది? యంత్రం పరువు తీయడానికి లేనిపోనిది ఎక్కించావని ఇక్కడ అందరూ అంటున్నారు. కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

నీ నోటి నుంచి ఎప్పుడూ అబద్ధం రాదని చెప్పుకుంటూ పెరిగినవాణ్ణి. సిగ్గుగా ఉంది.

తమ్ముడు


జూన్ 24, మంగళవారం

ఒరేయ్,

సిగ్గు దాచుకో. దానితో త్వరలోనే పని పడుతుంది.

బుధవారం హాల్లో ఏం జరిగిందో నీ మేనేజరు రాయనిది నేను రాస్తాను. దగ్గు దగ్గింది. కూర్చోండి అంది. మంచి అంతా చక్కగానే చెప్పింది. ఓపికగలవాడు, నెమ్మదస్తుడు, ఆకాశనీలం అంటే ఇష్టం. ఆ తర్వాత, నేను తప్పు చెప్పబోయే ముందు ఎంతసేపు ఆగుతానో సరిగ్గా అంతసేపు ఆగింది. అప్పుడు అంది: "ఈయన చేసిన తప్పు ఒకటుంది. దూరంగా ఉన్న కొడుకు రాసిన ఉత్తరాలన్నీ పనిముట్ల పెట్టెలో దాచుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చూపించలేదు. ఒక్కదానికీ జవాబు రాయలేదు."

ఆమె లేచి నిలబడింది. స్పీకరు వైపు తల ఎత్తి, "ఏ ఉత్తరాలు?" అని అడిగింది. అది తన దారిన తను మాట్లాడుకుంటూ పోతోంది. నేను వెనక నుంచి "ఆపండి! అది అబద్ధం!" అని అరిచాను. ఏమైందో తెలుసా? స్పీకర్లో మాట్లాడేదీ నేనే, ఆపమని అరిచేదీ నేనే. ఎవరి మాట నమ్మాలో తెలియక జనం నా మొహమూ స్పీకరూ మార్చి మార్చి చూశారు. తెర మీద ఎర్ర గుండెలు ఎగురుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం దుకాణానికి వెళ్ళాను. ఆమె ముందు పనిముట్ల పెట్టె తిరగేసిందట. ఏమీ దొరక్కపోయేసరికి గడియారాలు విప్పడం మొదలుపెట్టింది. గోడ గడియారాలు, బల్ల గడియారాలు, నలభై దాకా నేల మీద వెల్లకిలా పడి ఉన్నాయి. మధ్యలో స్క్రూడ్రైవరు పట్టుకుని ఆమె కూర్చుంది. "అమ్మా, అది నేను చెప్పింది కాదు, యంత్రం కల్పించింది" అన్నాను.

"నీ గొంతే కదా" అంది. "మా అత్త పోయినప్పుడు చెప్పింది నువ్వే, మా చెల్లెలు పోయినప్పుడు చెప్పింది నువ్వే. ఒక్కసారి కూడా లేనిది చెప్పలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు చెప్తావు? పదకొండేళ్ళు నా కొడుకు రాస్తూనే ఉన్నాడు. ఈయన నా నుంచి దాచాడు. ఆయన బూడిద నా గడపలోకి రానివ్వను."

ఇదిరా నువ్వు చేసింది. ఆమె నన్ను నమ్మింది కాబట్టే మొగుణ్ణి దొంగ అనుకుంటోంది. బూడిద పాత్ర హాలు అరలో అంకె వేసి పెట్టి ఉంది. నేను రోజూ దాని ముందు నుంచి నడుస్తున్నాను.

మేనేజరు ఒక కాగితం తెచ్చాడు. "ఫారం నింపడంలో సిబ్బంది పొరపాటు" అని రాసి ఉంది. కింద సంతకం పెట్టమన్నాడు. నాలుగు ముక్కలు చేసి ఆయన బల్ల మీదే పెట్టాను. ఆ ఫారం నకలు ఇందులో జతచేస్తున్నాను. ప్రతి గడీ చదువుకో, ఉత్తరం అన్న మాట ఎక్కడుందో వెతుక్కో.

ఇక ఎత్తనన్న మాట ఎత్తుతున్నాను. ఆ నాలుగు వాక్యాలూ ఎవరి గురించి అన్నానో నీకు తెలియదా? ఎలా తెలుసు దానికి అని నన్నే అడుగుతున్నావా? నాన్న గురించి అన్నాను. ఆ ఉత్తరాలు నీవి. ఆ పెట్టె నాన్న బండి సీటు కింద ఉండేది. ఆయన పోయిన రోజు స్పానరు కోసం తీస్తే బయటపడ్డాయి. మర్నాడు హాల్లో చెప్పాను, అదే కాసెట్టు నీకు పంపాను. "అందింది" అని ఒక్క ముక్క రాశావు. ఉత్తరాలు ఏవి అక్కా అని అడుగుతావని ఎదురుచూశాను. అడగలేదు. పదమూడేళ్ళు అడగలేదు. నీది రాతిగుండె అనుకుని వదిలేశాను.

పనిముట్లతో బతికిన తండ్రి, దూరంగా ఉన్న కొడుకు. ఫారంలో ఆ రెండూ కనిపించగానే నీ యంత్రం మన నాన్న తప్పు తీసుకెళ్ళి ఆయనకి తగిలించింది.

నేను ఊరుకోను. హాల్లో నోరు నొక్కితే వీధిలో మాట్లాడతాను.

అక్క


జూన్ 29, ఆదివారం

అక్కా,

నేను ఆ కాసెట్టు వినలేదు.

ఎలా రాయాలో తెలియక పొద్దుటి నుంచి మూడు కాగితాలు చింపేశాను. అంత్యక్రియలకి నాన్న మీద కోపంతో రాలేదు, నీకేమో సెలవు దొరకలేదని చెప్పాను. కాసెట్టు వచ్చాక అందింది అని రాసి సొరుగులో పడేశాను. తీసి వినే ధైర్యం లేదు, పారేసే ధైర్యమూ లేదు. ఇల్లు మారినప్పుడల్లా వెంట తెచ్చుకున్నాను. ఆఖరికి హాలు కాసెట్లు పాడయ్యాయంటే, ఇలాగైనా దీన్ని వదిలించుకుందామని ఇచ్చేశాను. నేను వినకుండా యంత్రానికి వినిపించాను.

నీ ఉత్తరం అందిన రోజునే ఆఫీసులోంచి వెనక్కి తెచ్చుకున్నాను. కింద వాచ్‌మన్ దగ్గర పాత టేప్‌రికార్డరు ఉంటే అడిగి తీసుకుని, మెట్ల మీదే కూర్చుని విన్నాను. ఆ నాలుగు వాక్యాలు ఎన్నిసార్లు తిప్పి విన్నానో లెక్క లేదు. వాచ్‌మన్ లేచి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఫారం నకలు కూడా చదివాను. నిన్ను అన్న మాటలు తిరిగి తీసుకోలేను, కానీ తప్పు నాది.

శవాల బండి నేను నడపను, నా పక్కన కూర్చోవడానికి నా స్నేహితులే జంకుతారు అని నాన్న మొహం మీద అన్నాను కదా. ఇల్లు వదిలి వెళ్ళాక ఆయనకి తొమ్మిది ఉత్తరాలు రాశాను. నాలుగోదాంట్లో క్షమించమన్నాను. జవాబు రాకపోతే విప్పకుండానే పొయ్యిలో పడేసి ఉంటాడనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే నమ్మాను.

నిన్న నీ గొంతు యంత్రంలోంచి తీయించేశాను. పైవాళ్ళని అడగలేదు. అడిగితే ఆరు నెలలు సమావేశాలు పెట్టేవాళ్ళు. చెరిపేశాక చెప్పాను. రేపు నన్ను పిలిచారు, ఏమంటారో తెలుసు. అననీ. నేను పెట్టిన గొంతు నేనే తీశాను, ఇంకోసారైనా ఇదే చేస్తానని వాళ్ళ మొహం మీదే చెప్తాను. మంచం మీది ఆ తల్లి కోసం తెరలు ఉండనీ. నీ గొంతు మాత్రం నీదే.

గడియారాలామెకి ఒక ఉత్తరం జతచేస్తున్నాను. తప్పు ఎవరిదో, ఆ మాటలు ఎవరి తండ్రి గురించో అంతా రాసి కింద సంతకం పెట్టాను. నీకు ఎలా వాడాలనిపిస్తే అలా వాడు.

ఒక్కటి అడగనా? నాన్న వాటిని విప్పాడా? ఎక్కడో ఒక సగం రాసిన జవాబైనా ఉండే ఉంటుంది కదా అక్కా?

తమ్ముడు


జూలై 6, ఆదివారం

తమ్ముడూ,

నువ్వు గడియారాలామెకి రాసిన ఉత్తరం పట్టుకుని మంగళవారం సాయంత్రమే దుకాణానికి వెళ్ళాను. ఆమెకి చదివి వినిపించాను. నా అసలు గొంతుతో, ఆ దగ్గుతో సహా. మొత్తం విని, "ఇదీ నీ గొంతే, అదీ నీ గొంతే" అంది. ఇక నా మాటతో పని జరగదని తెలిసిపోయింది. "అయితే నన్ను నమ్మకు. నీ కొడుకునే అడుగు" అన్నాను.

పాత నంబరు ఎక్కడో రాసిపెట్టుకుని ఉంది. చేసింది. అతను ఎత్తాడు. తండ్రి పోయిన సంగతి కూడా చెప్పలేదు, ముందు ఇదే అడిగింది: "నువ్వు మాకు ఉత్తరాలు రాశావా?" "రాయలేదమ్మా. ఒక్కటి కూడా రాయలేదు" అన్నాడు.

ఫోను ఒళ్ళో పెట్టుకుని ఆమె ఏడుస్తూ నవ్వింది. "చూశావా, మా ఆయన దొంగ కాదు. దొంగ వీడు" అంది. కాసేపటికి ఫోను మళ్ళీ చెవిలో పెట్టుకుని, "నాన్న పోయాడు, రా" అని ఒక్క ముక్క చెప్పింది. లేచి నాతో హాలుకి నడిచొచ్చింది. మేనేజరు ఏదో కాగితం నింపాలన్నాడు. ఆమె ఆయన్ని పక్కకి తప్పుకోమని, అరలోంచి బూడిద పాత్ర తీసి గుండెలకి హత్తుకుంది. నాకు ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను.

ఆయన గురించి మళ్ళీ మాట్లాడాలి అన్నాను. హాల్లో వీల్లేదు, కంపెనీకి చెడ్డపేరు అన్నాడు మేనేజరు. గోడలు మీవి, మాట మీది కాదు అని చెప్పి వచ్చేశాను. దుకాణం తలుపు మీద కాగితం అంటించాం: గురువారం పదింటికి, గడియారాలు ఇచ్చినవాళ్ళందరూ రండి. ఎంతమంది వచ్చారనుకున్నావు! లోపల చోటు లేక వీధిలోకి నిలబడ్డారు. వచ్చే వారం రమ్మన్నవాళ్ళందరూ ఆఖరికి ఒకే రోజు వచ్చారని ఒకాయన అంటే అందరూ నవ్వారు. ఎవరో ఫోను పైకెత్తారు. "దింపండి, చెవులు పెట్టుకుని వినండి" అన్నాను.

హాల్లో విన్నది అబద్ధమనీ, అది మా నాన్న తప్పనీ ముందే చెప్పాను. నా తమ్ముడు చేసింది కూడా చెప్పాను, కోపం తెచ్చుకోకు. తర్వాత ఆయన మంచి చెప్పాను. తర్వాత ఆయన అసలు తప్పు చెప్పాను. బాగవదు అన్న మాట ఎవరికీ చెప్పలేకపోయాడని. కొడుకు అప్పుడే బస్సు దిగి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అది విని మొహం కప్పుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఆమె ఒక్కొక్కరి చేతిలో వాళ్ళ గడియారం పెట్టి, "ఇది బాగవదు" అని చెప్పి పంపింది. నాది కూడా ఇచ్చింది. ఇప్పుడు నా చేతికి ఉంది. నడవదు.

హాలు నుంచి నన్ను తీసేశారు. తీసేస్తే ఏమైంది? ఈ మూడు రోజుల్లో ముగ్గురు నేరుగా మన ఇంటికొచ్చారు, వాళ్ళ నాన్న గురించి, వాళ్ళ అత్త గురించి నన్నే మాట్లాడమని. పెరట్లోనైనా మాట్లాడతాను. నిన్నూ తీసేసి ఉంటారు. ఇద్దరం ఒకే వారంలో వీధిన పడ్డామని మీ బావ సంబరంగా చెప్పుకు తిరుగుతున్నాడు.

ఇక నువ్వు అడిగినది. నీ తొమ్మిది ఉత్తరాలూ ఈ పొట్లంలో ఉన్నాయి. అన్నీ విప్పినవే. మడతల దగ్గర అరిగి చిరిగితే రెండింటికి ఆయనే టేపు అంటించాడు, అది బండి సీటుకి వేసే నల్లటేపు. నాలుగోదాని మీద ఇంజిను నూనె వేలిముద్రలున్నాయి, ఎన్నిసార్లు తీసి చదివాడో నువ్వే చూసుకో. జవాబు మాత్రం లేదు. సగం రాసింది కూడా లేదు. పెట్టె, సీటు కింద, కోటు జేబులు, అన్నీ వెతికాను, నీ ఉత్తరం వచ్చాక ఇంకోసారి వెతికాను. నీ మనసు కుదుటపడటానికి ఉందని రాయను. అది ఆయన తప్పు. దాన్ని తప్పుగానే ఉండనీ.

నా తప్పు కూడా రాస్తున్నాను, దాచుకో. నా రోజు వచ్చినప్పుడు ఏ స్పీకరూ పెట్టించకు. నువ్వు రా. నువ్వే నిలబడు. ముందు కూర్చోండి, తొందరేం లేదు అను. మంచి ఉంటే చెప్పు. తర్వాత కాసేపు ఆగి, మా అక్క చేసిన తప్పు ఒకటుంది అని చెప్పు. తమ్ముడు ఆ కాసెట్టు విన్నాడనే అనుకుంది, అనుకుని అతని మీద పదమూడేళ్ళు కోపం పెట్టుకుంది, విన్నావా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఇది నీ గొంతుతోనే చెప్పాలి. వణికినా ఫరవాలేదు.

ఇది అందగానే ఫోను చెయ్యి. మొదటిసారి మోగగానే ఎత్తుతాను.

అక్క